నిదానంగా వాయిస్తే ఏడుపేనా?

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం పూట టీనగర్‌లో పార్కింగు వెతుక్కుని మరీ వచ్చారు, కాబట్టి ఉపోద్ఘాతాల జోలికి పోను. నేను కోడంబాక్కంలో ముప్ఫై ఏళ్లు సినిమా పాటలకీ రీరికార్డింగులకీ వయొలిన్ వాయించాను, తెర మీద పేరు పడని ఇరవై మందిలో ఒకణ్ణి. ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. సినిమాలో ఎవరైనా పోతే చాలు, మా చేత చాలా నిదానంగా వాయించేవారు, మేమూ కాల్‌షీట్ ప్రకారం వాయించి ఇంటికెళ్లేవాళ్లం. నిదానం అంటే దుఃఖమేనని మీ చెవులకు అలవాటు చేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇవాళ్టి విషయం ఆస్ట్రియా స్వరకర్త గుస్టావ్ మాలర్ ఐదో సింఫనీలో (సింఫనీ అంటే ఆర్కెస్ట్రా కోసం రాసే, చాలా భాగాలుండే పెద్ద రచన) నాలుగో భాగం, అడాజియెట్టో. 1904లో కొలోన్‌లో మొదటిసారి వాయించారు. అంత పెద్ద ఆర్కెస్ట్రాలో ఈ భాగం వచ్చేసరికి బాకాలు, డ్రమ్ములు, ఫ్లూట్లు అన్నీ ఊరుకుంటాయి. తీగ వాద్యాలూ ఒక హార్పూ, అంతే.

నాకు దీన్ని మా సీనియర్ ఒకాయన క్యాసెట్‌లో ఇచ్చారు. వడపళనిలో ఇంట్లో పెట్టుకుని వింటుంటే వంటింట్లోంచి మా అమ్మ, "ఎవర్రా పోయింది?" అంది. అమ్మ సంగీతం నేర్చుకున్న మనిషి. ఆ మాట నన్ను చాలా కాలం వదల్లేదు, ఎందుకంటే ఆ శ్రుతి, ఆ స్వరాలు చూస్తే అందులో ఎవరూ పోనక్కర్లేదు. ఎఫ్ మేజర్, అంటే పాశ్చాత్యులకి హాయిగా వినిపించే స్వరవరస; విచారంగా వినిపించేదాన్ని మైనర్ అంటారు. మన లెక్కలో చెప్పాలంటే నాలుగు కట్టై శ్రుతిలో (హార్మోనియంలో నాలుగో తెల్లమెట్టు) శంకరాభరణం స్వరాలు, గమకాలు లేకుండా. పెళ్లిలో వాయించినా ఎవరూ ఏమీ అనుకోరు.

మరి ఆ బరువు ఎక్కణ్ణుంచి వచ్చింది? మొదట్లో వినిపించేవి గాంధారం (గ), పంచమం (ప) మాత్రమే, ఆధారమైన షడ్జం (స) ఉండదు. అందుకే ఇది మేజరో మైనరో చెవికి తేలదు. ఆపైన వయొలిన్లు ప ద ని అని మెల్లగా ఎక్కుతాయి, కింద షడ్జం వచ్చేస్తుంది, కానీ పైన మాత్రం కాకలి నిషాదం (స కి ఆనుకుని కిందుండే ని) మీదే ఆగి, ఆగి, అప్పుడు స మీద వాలతారు. పక్కింటి దాకా వచ్చి మనింట్లోకి రాని చుట్టంలా ఉంటుంది ఆ నిషాదం. కాలప్రమాణం, అంటే వేగం, కాస్త నడుస్తున్నప్పుడు అది ఆత్రంలా వినిపిస్తుంది. బాగా సాగదీస్తే అదే నిషాదం నొప్పి అయిపోతుంది. స్వరం మారలేదు, శ్రుతి మారలేదు, ఆగిన సేపు మారింది.

ఎంత మారిందో లెక్క చూడండి. మొత్తం 103 బార్లు (మన తాళపు ఆవర్తాల్లాంటివి), బారుకి నాలుగు దెబ్బల చొప్పున 412. 1926లో డచ్ కండక్టర్ (ఆర్కెస్ట్రాని నడిపించేవాడు) మెంగెల్‌బెర్గ్ ఆమ్‌స్టర్‌డామ్ ఆర్కెస్ట్రాతో రికార్డు చేసింది సుమారు 7 నిమిషాలు, అంటే నిమిషానికి సగటున 59 దెబ్బలు. మాలర్ శిష్యుడు, కండక్టర్ బ్రూనో వాల్టర్ 1938లో వియన్నాలో చేసింది 8 నిమిషాల లోపే. అమెరికన్ కండక్టర్ బెర్న్‌స్టీన్ 1980లలో 11 దాటించాడు. హైటింక్ బెర్లిన్ వాళ్లతో చేసింది 14కి దగ్గర! నిమిషానికి 30 దెబ్బలు. ఆ వేగంలో వయొలిన్ వాయించడమంటే ఏమిటో నన్నడగండి: కమాను అయిపోతుంది, స్వరం అయిపోదు. పక్కవాడు కమాను తిప్పేటప్పుడు మనం తిప్పకూడదు, లేకపోతే అతుకు వినిపిస్తుంది. మా స్టూడియోలో చెవిలో క్లిక్ టకటకలాడుతూ దారి చూపించేది, ఇక్కడ అదీ ఉండదు, కండక్టర్ చెయ్యి చూడాల్సిందే.

దీన్ని మాలర్ తన ప్రియురాలు ఆల్మాకి ప్రేమలేఖగా పంపాడని, ఉత్తరం రాయకుండా ఈ కాగితాలే పంపాడని మెంగెల్‌బెర్గ్ తన స్కోరులో (స్వరాలు రాసున్న పుస్తకంలో) రాసుకున్నాడు. 1902లో వాళ్ల పెళ్లయింది. మరి ప్రేమలేఖ శవయాత్ర సంగీతం ఎలా అయింది? 1968లో న్యూయార్క్‌లో అమెరికా నాయకుడు రాబర్ట్ కెనెడీ అంత్యక్రియల ప్రార్థనలో బెర్న్‌స్టీన్ దీన్నే వాయించాడు. మూడేళ్లకు ఒక ఇటాలియన్ దర్శకుడు వెనిస్‌లో చావు కథకి వాడాడు. ఇక అంతే, మా అమ్మ ప్రశ్న ప్రపంచమంతా అడగడం మొదలైంది. అసలు ఈ సింఫనీలో శవయాత్ర వేరే ఉంది, మొదటి భాగమే అది! ఇంకో తమాషా, ఈ అడాజియెట్టో అయ్యీ కాగానే వచ్చే చివరి భాగంలో ఇదే రాగాన్ని మాలర్ హుషారుగా, ఆటలాగా వాయింపిస్తాడు. ఏడుపు అనుకుని ఉంటే అలా చేస్తాడా?

నిజమే, స్కోరు మీద చాలా నిదానంగా అని ఆయనే రాశాడు. నిదానాన్ని నేను తప్పు పట్టడం లేదు. నిదానం వినగానే తడి కళ్లతో కూర్చునే మన అలవాటు మీదే నా గొడవ. దీనికి జవాబు ఈ ఊళ్లోనే ఉంది. జార్జ్‌టౌన్‌లో వీణ విదుషి ధనమ్మాళ్ ఇంట క్షేత్రయ్య పదాలను ఎంత చౌక కాలంలో (నిదానపు నడకలో) పాడేవారో, ఆవిడ మనవరాళ్లు బృంద, ముక్త పాడినవి విన్నవాళ్లకి తెలుసు. ఒక్కో మాట దగ్గర ఆగి, తిరిగి, మళ్లీ ఆగి. అది మన తెలుగు, అది శృంగారం. అక్కడ ఎవరూ "ఎవరు పోయారు" అని అడగరు, "వాడింకా రాలేదా" అని అడుగుతారు. మాలర్ నిషాదం అడిగేదీ అదే అని నాకు చాలా ఆలస్యంగా, వెంట్రుకలు తెల్లబడ్డాక అర్థమైంది. అప్పటికి అమ్మ లేదు, 1926 నాటిది వినిపించలేకపోయాను.

ఇప్పుడు ముందు అదే పెడతాను. పాత రికార్డు కదా, గరగర ఉంటుంది, రెండు నిమిషాల్లో చెవి అలవాటు పడుతుంది. తమ్ముడూ, లైట్లు ఉండనీ, ఆ ఏసీ ఒక్కటి ఆపు.