పట్టడం వేరు, బూట్ అవడం వేరు

శ్రోతలకు నమస్కారం.

కంప్యూటర్ స్విచ్ వేసి, అది లేచేలోపు స్నానం చేసి వచ్చేవాణ్ణి నేను. లోపల ఉన్నది పాతకాలపు తిరిగే హార్డ్ డిస్క్ మరి. ఇక లాభం లేదని ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని చిప్‌ల డ్రైవ్, ఒకటి కొన్నాను. అందులోనూ ఎన్‌వీఎంఈ అనే వేగమైన రకం. మదర్‌బోర్డులో దానికి స్లాట్ లేదు. అయితేనేం, గ్రాఫిక్స్ కార్డులు పెట్టే పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో అడాప్టర్ కార్డు పెట్టి, దాని మీద బిగించాను. విండోస్‌లో డ్రైవ్ కనిపించింది. ఫైళ్లు చకచకా కాపీ అయ్యాయి. పని అయిపోయిందనుకున్నాను. తీరా దాని మీద విండోస్ ఎక్కించబోతే, ఈ డిస్క్ నుంచి మీ కంప్యూటర్ బూట్ కాకపోవచ్చంటూ మెసేజ్ వచ్చింది. బూట్ అంటే స్విచ్ వేశాక కంప్యూటర్ విండోస్‌ని లేపడం. బయోస్‌లోకి వెళ్లి చూస్తే బూట్ జాబితాలో దాని పేరే లేదు.

డేటాకి పనికొచ్చిన డ్రైవ్ బూట్‌కి ఎందుకు పనికిరాలేదు? స్విచ్ వేయగానే విండోస్ ఇంకా లేవదు. మొదట మేలుకునేది మదర్‌బోర్డు మీది చిప్‌లో ఉండే బయోస్. డ్రైవ్‌లో ఉన్న విండోస్‌ని పట్టుకొచ్చి లేపాల్సింది అదే. ఎన్‌వీఎంఈ పద్ధతి తెలిసిన డ్రైవర్, అంటే డ్రైవ్‌తో మాట్లాడే ప్రోగ్రాం, విండోస్‌లో ఉంది, నిజమే. కానీ ఆ విండోస్ ఉండేది ఎన్‌వీఎంఈ డ్రైవ్ లోపల! తాళంచెవి పెట్టెలో పెట్టి పెట్టెకి తాళం వేసినట్టు. అందుకే ఆ పద్ధతి బయోస్‌కే తెలిసి ఉండాలి.

ఎన్‌వీఎంఈ ప్రమాణం మొదటిసారి వెలువడింది 2011లో. అంతకుముందు బోర్డులకి అదేమిటో తెలిసే అవకాశమే లేదు. 2014లో వచ్చిన ఇంటెల్ 9 సిరీస్ బోర్డుల్లో కూడా చాలావాటికి బయోస్ అప్‌డేట్ చేశాకే ఈ బూట్ కుదిరింది. ఈమధ్య కాలపు బోర్డులతో ఈ టెన్షన్ లేదు.

కాబట్టి కొనేముందు మీ బోర్డు పేరు తెలుసుకోండి. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, ఎం ఎస్ ఐ ఎన్ ఎఫ్ ఓ 32 అని టైప్ చేస్తే బోర్డు మోడల్, బయోస్ వెర్షన్ కనిపిస్తాయి. బయోస్ మోడ్ అన్నచోట యూఈఎఫ్ఐ ఉందా, లెగసీ ఉందా అనేది కూడా చూడండి. యూఈఎఫ్ఐ అంటే కొత్తతరం బయోస్, లెగసీ అంటే పాత పద్ధతి. ఎన్‌వీఎంఈ బూట్‌కి మామూలుగా యూఈఎఫ్ఐ కావాలి. తర్వాత తయారీదారు సైట్‌లో ఆ మోడల్ మాన్యువల్ తెరిచి, స్టోరేజ్ భాగం చదవండి. విసుగే, కానీ డ్రైవ్ తిరిగి పంపించే విసుగు కంటే నయం.

బోర్డులో ఎం.2 స్లాట్ ఉంది కదా అని ధీమా పడేవాళ్లకి ఒక మాట. ఎం.2 అనేది ఆకారం పేరు మాత్రమే. మామూలుగా దొరికే 2280 సైజు డ్రైవ్ 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు, ఇంచుమించు చూపుడువేలంత. అదే ఆకారంలో, హార్డ్ డిస్కులు వాడే పాత సాటా పద్ధతి డ్రైవులూ ఉన్నాయి, ఎన్‌వీఎంఈ డ్రైవులూ ఉన్నాయి. కొన్ని స్లాట్లు రెండింటినీ తీసుకుంటాయి, కొన్ని ఒకదాన్నే. డ్రైవ్ అంచున గాట్లు లెక్కపెట్టి, ఒకటుంటే ఎన్‌వీఎంఈ, రెండుంటే సాటా అని చెప్పేయొచ్చంటారు కొందరు. రెండు గాట్లున్న ఎన్‌వీఎంఈ డ్రైవులు కూడా ఉన్నాయి కాబట్టి నేను ఆ చిట్కాని నమ్మను.

కొన్ని బోర్డుల మాన్యువల్‌లో ఇంకో చిన్న అక్షరాల గమనిక ఉంటుంది. ఎం.2 స్లాట్ వాడితే ఫలానా సాటా పోర్టులు పనిచేయవు అని. అది చదవనివాళ్లు కొత్త డ్రైవ్ పెట్టగానే పాత హార్డ్ డిస్క్ పోయిందని కంగారుపడతారు. డిస్క్‌కి ఏమీ కాలేదు, కేబుల్ వేరే పోర్టుకి మార్చాలంతే.

బోర్డు సహకరించకపోతే? విండోస్‌ని లేపే చిన్న ప్రోగ్రాంని, అంటే బూట్‌లోడర్‌ని, పెన్‌డ్రైవ్‌లో పెట్టి నడిపించే ఉపాయాలున్నాయి. సరదా ఉన్నవాళ్లకి సరే. మిగతావాళ్లకి నా సలహా మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ. సెకనుకి 550 మెగాబైట్ల దగ్గర ఆగిపోతుంది, నిజమే. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3 తరం ఎన్‌వీఎంఈ 3,500 దాకా పోతుంది. కానీ హార్డ్ డిస్క్ నుంచి వచ్చినవాళ్లకి బూట్ సమయంలో ఆ రెండింటి మధ్య తేడా పెద్దగా తెలియదు. నేను చివరికి చేసింది అదే. విండోస్ సాటా మీద, ఫైళ్లు ఎన్‌వీఎంఈ మీద.

అన్నట్టు, బోర్డుతో వచ్చిన చిన్న కవర్లు పారేయకండి. ఎం.2 డ్రైవ్‌ని బిగించే బుల్లి స్క్రూ చాలాసార్లు వాటిలోనే ఉంటుంది. అది లేకపోతే డ్రైవ్ ఒక చివర గాల్లోకి లేచి ఏటవాలుగా నిలబడుతుంది.

ఉంటాను, నమస్కారం.