యెజెబెలు చేసిన పాపం ఏంటి?

అందరికీ వందనాలు. బైబిల్లో సామాజిక న్యాయం గురించి మాట్లాడమన్నారు. అంత పెద్ద విషయాన్ని గంటలో చుట్టేయడం నాకు ఇష్టం లేదు కాబట్టి ఒక్క అధ్యాయం దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను, మొదటి రాజులు 21. బైబిలు తెచ్చుకున్నవాళ్లు తీసి పెట్టుకోండి.

అందులో కనిపించే రాణి, ఇశ్రాయేలు రాజు అహాబు భార్య యెజెబెలు పేరు మన సంఘాల్లో ఎప్పుడు వినిపిస్తుంది? ఆడపిల్ల లిప్‌స్టిక్ వేసుకున్నప్పుడు, జుట్టు విరబోసుకుని గుడికొచ్చినప్పుడు. ఆమె కళ్లకు రంగు పూసుకుందని ఉన్న ఒక్క వచనం పట్టుకుని ఎన్ని ప్రసంగాలు చెప్పారో మీకూ తెలుసు. కానీ ప్రవక్త ఏలీయా వచ్చి అహాబు ముందు నిలబడింది ఆ రంగు గురించి కాదండీ, ఒక రైతు పొలం గురించి.

యెజ్రెయేలులో నాబోతుకి ద్రాక్షతోట ఉంది, రాజభవనాన్ని ఆనుకునే ఉంది. రాజుకి అది కూరతోటకి కావాల్సొచ్చింది. డబ్బిస్తానన్నాడు, లేదంటే ఇంతకంటే మంచి తోట ఇస్తానన్నాడు, బేరం మర్యాదగానే మొదలైంది. నాబోతు ఇవ్వనన్నాడు, ఇది మా పెద్దల ఆస్తి అన్నాడు. వినడానికి మొండితనంలా ఉంటుంది గానీ లేవీయకాండం 25 చూడండి: భూమి నాది, దాన్ని శాశ్వతంగా అమ్మకూడదు అంటాడు దేవుడు. అప్పులపాలై అమ్ముకున్నా యాభయ్యో ఏట ఆ భూమి మళ్లీ ఆ కుటుంబానికే చేరాలి, తరతరాలు ఎవరూ భూమి లేకుండా మిగిలిపోకూడదు. నాబోతు నిలబడింది ఆ ఆజ్ఞ మీద.

అప్పుడు రాణి ఏం చేసింది? రాజు పేరున ఉత్తరాలు రాసి, రాజముద్ర వేసి ఊరి పెద్దలకు పంపింది. ఉపవాసం చాటించండి, నాబోతుని జనం ఎదుట కూర్చోబెట్టండి, వీడు దేవుణ్నీ రాజునీ దూషించాడని ఇద్దరి చేత చెప్పించండి, బయటికి తీసుకెళ్లి రాళ్లతో కొట్టి చంపండి. పెద్దలు అంతా అలాగే చేశారు. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు కాదన్నట్టు లేదు. కాగితం ఉంది, ముద్ర ఉంది, ధర్మశాస్త్రం అడిగినట్టే సాక్షులు ఇద్దరున్నారు, అన్నిటికీ మించి ఉపవాస ప్రార్థన కూడా పెట్టారు! ఉపవాసంతో మొదలుపెట్టి ఒక మనిషిని చంపి అతని భూమి లాక్కున్నారు. ఈ మాట మన ఉపవాస కూడికల్లో ఎవరైనా చదవగా విన్నారా?

పల్లెల్లో పుట్టి పెరిగినవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూములు చేతులు మారకూడదని 1977లోనే ఆంధ్రప్రదేశ్‌లో చట్టం చేయాల్సి వచ్చింది. పట్టా ఒకరి పేరున ఉంటుంది, పొలం ఇంకొకరు దున్నుకుంటారు, అడిగినవాడి మీద కేసు పడుతుంది. నాబోతు ఎవరో మనకి తెలియకపోవడమేంటి?

అసలు ఈ పుస్తకాన్ని తెలుగునేల మీద ముందుగా గుండెకి హత్తుకున్నది ఎవరు? 1876 నుంచి 78 దాకా కరువు వచ్చినప్పుడు ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత పని తానే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి కూలి దొరికేలా చేశాడు. తిండి కోసం చేరారన్న మాట రాకూడదని కరువు సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జులైలో గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఊరి బావిలో నీళ్లు తోడుకోనివ్వని మనుషులకి, ఐగుప్తులో బానిసలుగా ఇటుకలు చేసేవాళ్ల మొర దేవుడు విన్నాడన్న కథ ఎలా వినిపించి ఉంటుందో కాస్త ఆలోచించండి.

ఆ మనుషుల మునిమనవలు ఇవాళ మన బెంచీల్లో కూర్చున్నారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మొదట్లో హిందువులే షెడ్యూల్డు కులాల కిందికి వచ్చేవారు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు, క్రైస్తవుల్ని మాత్రం చేర్చలేదు. మతం మారితే కులం పోతుందని ప్రభుత్వం అంటుంది. పోయిందా? మన పెళ్లి సంబంధాల ప్రకటనలు చదవండి. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటిచ్చి, మాసిన బట్టలవాణ్ని కాళ్ల దగ్గర కూర్చోమంటున్నారని కొత్త నిబంధనలోని తన పత్రికలో యాకోబు తిట్టింది బయటివాళ్లని కాదు, సంఘాన్నే. ప్రభుత్వాన్ని నిలదీసే ముందు మనం మన సంఘ కమిటీల్లో ఎవరున్నారో, ఎవరు లేరో చూసుకోవాలి. నాకిది చాలా బాధ కలిగించే విషయం, అందుకే మొహమాటం లేకుండా అంటున్నాను.

గుడిలోకి రాజకీయాలు తేవద్దని కొందరు పెద్దలు అంటారు, మంచి మనసుతోనే అంటారు. సరే, ద్వితీయోపదేశకాండం 24 తీయండి. కూలివాడు బీదవాడు, ఆ డబ్బు మీదే ఆశ పెట్టుకుని ఉంటాడు, కాబట్టి పొద్దుగూకేలోపు ఏనాటి కూలి ఆనాడే ఇచ్చేయాలి. ఇది రాజకీయమా? మన అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి, ఇంట్లో గిన్నెలు తోమే అమ్మకి జీతం ఎన్నో తారీకున ఇస్తున్నాం? పండక్కి ఊరెళ్తే ఆ రోజుల జీతం కోస్తున్నామా? చేలు కోసినవాళ్లకి ఇవ్వకుండా బిగబట్టిన కూలే మొరపెడుతుందని యాకోబు 5లో ఉంది.

నేను ఇక్కడితో ఆపి వింటాను. మీలో ఎవరైనా నెహెమ్యా 5 గట్టిగా చదవండి: పొలాలు తాకట్టు పెట్టినవాళ్లు, అప్పు కింద కూతుళ్లని దాస్యానికి ఇవ్వాల్సివచ్చినవాళ్లు వచ్చి అధికారి నెహెమ్యా ముందు మొరపెట్టుకుంటారు. పదమూడో వచనం దాకా చదివాక, అలాంటి అప్పుల్లో ఉన్నవాళ్లు మన సంఘంలో ఎవరెవరున్నారో, వాళ్లకి ఏం చేయగలమో పేరుపేరునా మాట్లాడుకుందాం.