ఖాళీ కుర్చీలో నాన్న

శ్రోతలకు నమస్కారం.

మా నాన్న పోయి రెండేళ్లయింది. పొలం అమ్మకం దగ్గర మాటా మాటా పెరిగి, చివరి ఏడాది ఆయనతో నాకు మాటల్లేవు. దినకర్మలన్నీ చేశాను గానీ కంట చుక్క రాలేదు. ఆ తర్వాత రాత్రుళ్లు నిద్ర లేకుండా పోయింది.

మనసులో బాధను నాటకంలా ఆడించి తేలికపరిచే సైకోడ్రామా అనే పద్ధతిలో శిక్షణ పొందిన నాటకాల మిత్రుడొకడు విజయనగరంలో ఉన్నాడు. ఓ ఆదివారం తన మేడ మీదికి పిలిచాడు. నాన్న వస్తువు ఏదైనా తెమ్మంటే, ఉతక్కుండా దాచుకున్న ఆయన తువ్వాలు పట్టుకెళ్లాను. దాన్ని ఓ ప్లాస్టిక్ కుర్చీ మీద వేసి, "మీ నాన్న కూర్చున్నాడు. తొందరేం లేదు, మాట్లాడు" అన్నాడు.

చాలాసేపు నోరు పెగల్లేదు. చివరికి "తిన్నావా నాన్నా?" అన్నాను. పొలం మాట గుర్తుకే రాలేదు. అప్పుడు నన్నే ఆ కుర్చీలో కూర్చోమన్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని, ఆయనలాగే ఓ కాలు పైకి మడుచుకున్నాను. "రావేటిరా? గేటు సప్పుడైతే నువ్వేననుకున్నాను" అని నా నోటి నుంచే వచ్చింది. ఇక ఏడుపు ఆగలేదు.

ఇలా ఎదుటివారి వేషంలోకి మారడాన్ని చికిత్సగా మలిచిన వైద్యుడు జేకబ్ లెవీ మొరెనో. 1920లలో వియన్నాలో, ముందుగా రాసుకోని నాటకాలు ఆడిస్తూ, బాధను చెప్పుకోవడం కన్నా ఆడి చూపడంలో బలం ఎక్కువని నమ్మాడు. దానికి సైకోడ్రామా అని పేరు పెట్టి, 1936లో అమెరికాలోని బీకన్‌లో ఆస్పత్రి తెరిచాడు. 1892లోనే కన్యాశుల్కం నాటకం ఆడిన ఊరు మన విజయనగరం. మన తూర్పు భాగవతంలో సత్యభామ వేషం కట్టిన మగవాళ్లు ఆమె అలకనూ విరహాన్నీ తమవి చేసుకుంటారు. వేషం మనకు కొత్త కాదు. ఇక్కడ కథ మాత్రం మన సొంతం, అందుకే అంత కష్టం.

కష్టం కాబట్టే దీన్ని సరదాకి చేయించకూడదు. పాత గాయం లోతుగా ఉన్నవారికి ఈ పద్ధతి తెలిసినవారు పక్కనుండాలి, వద్దంటే అక్కడితో ఆపేయాలి. వేషం దించడం కూడా ముఖ్యమే: నాచేత తువ్వాలు తీయించి, నా పేరు పైకి చెప్పించి, మంచినీళ్లు తాగించాకే మిత్రుడు నన్ను కిందికి దిగనిచ్చాడు. గుండె బరువు మరీ మోయలేనిదైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, ఖర్చుండదు, తెలుగులోనే మాట్లాడతారు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి తువ్వాలు ఉతికి ఆరేశాను. ఇప్పుడది నేనే వాడుకుంటున్నాను.