విమ్‌లో స్టేటస్ లైన్‌ను మనకు కావలసినట్టు రాసుకుందాం

నమస్కారం. విమ్ ఎడిటర్‌లో అడుగున కనిపించే స్టేటస్ లైన్‌ను ఈరోజు మన చేత్తోనే రాసుకుందాం. ప్లగిన్లు ఏమీ అక్కర్లేదు, కాన్ఫిగరేషన్ ఫైల్‌లో పది లైన్లు చాలు.

దీని మీద నాకు ఇంత పట్టింపు ఎందుకో ముందు చెప్తాను. ఒకసారి రెండు ఫోల్డర్లలో ఒకే పేరుతో రెండు సెట్టింగ్స్ ఫైళ్లు తెరిచి పెట్టుకున్నాను. ఒకటి టెస్టింగ్‌ది, ఇంకొకటి అసలు సర్వర్‌ది. అప్పట్లో నా స్టేటస్ లైన్‌లో ఫైల్ పేరు మాత్రమే కనిపించేది, ఏ ఫోల్డర్‌దో తెలిసేది కాదు. మార్చకూడనిది మార్చి సేవ్ చేశాను. తప్పు ఎక్కడ జరిగిందో వెతకడానికే సాయంత్రమంతా పట్టింది, ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. ఫోల్డర్ పేరు కళ్లముందు ఉండుంటే ఆ పొరపాటు జరిగేదే కాదు.

సరే, మొదలుపెడదాం. మీ హోమ్ ఫోల్డర్‌లో డాట్ విమ్‌ఆర్‌సీ అనే ఫైల్ తెరవండి. లేకపోతే కొత్తగా సృష్టించండి. విండోస్‌లో అయితే డాట్‌కు బదులు అండర్‌స్కోర్ పెట్టండి.

మొదటి లైన్: సెట్ లాస్ట్‌స్టేటస్ ఈక్వల్ టు 2. విమ్‌లో మామూలుగా దీని విలువ 1, అంటే కనీసం రెండు విండోలు తెరిస్తేనే స్టేటస్ లైన్ వస్తుంది. 2 పెడితే ఎప్పుడూ ఉంటుంది. విమ్ నుంచి పుట్టిన నియోవిమ్ అనే ఎడిటర్ వాడేవాళ్లకు మొదటి నుంచీ 2 ఉంటుంది. అందులో 3 కూడా పెట్టుకోవచ్చు, అప్పుడు విండోలు ఎన్ని ఉన్నా అడుగున ఒకే ఒక్క లైన్ కనిపిస్తుంది.

రెండో లైన్: సెట్ స్టేటస్‌లైన్ ఈక్వల్ టు, తర్వాత ఏమీ రాయకుండా వదిలేయండి. ఇది వట్టి లైన్ కదా అని తీసేయకండి. దీని కింద మనం సెట్ స్టేటస్‌లైన్ ప్లస్ ఈక్వల్ టు అని రాసి, దాని వెనక ఒక్కో ముక్కా అతికిస్తూ పోతాం. పైన ఖాళీ చేయకపోతే, ఫైల్‌ను మళ్లీ లోడ్ చేసిన ప్రతిసారీ అవే ముక్కలు పాతవాటి వెనక చేరిపోతాయి.

ఇప్పుడు మొదటి ముక్క, పర్సెంట్ స్మాల్ ఎఫ్. మనం ఉన్న ఫోల్డర్ నుంచి ఫైల్ దాకా దారి చూపిస్తుంది. క్యాపిటల్ ఎఫ్ అయితే పూర్తి దారి, స్మాల్ టీ అయితే ఉత్త పేరు. నేను పైన చెప్పిన పొరపాటు ఈ స్మాల్ టీ వల్ల జరిగిందే. అందుకే స్మాల్ ఎఫ్ పెట్టుకోమంటాను. క్యాపిటల్ ఎఫ్‌తో లైన్ సగం నిండిపోతుంది.

తర్వాత ఒక స్పేస్, దాని వెనక పర్సెంట్ స్మాల్ ఎమ్. ఫైల్‌లో మార్పులు చేసి ఇంకా సేవ్ చేయకపోతే బ్రాకెట్లలో ప్లస్ గుర్తు చూపిస్తుంది. అన్నిటికంటే విలువైన ముక్క ఇదే. ఇక్కడ ఒక జాగ్రత్త: సెట్ కమాండ్‌లో స్పేస్ కావాలంటే ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి. పెట్టకపోతే స్పేస్ తర్వాత ఉన్నది ఇంకో ఆప్షన్ పేరు అనుకుని విమ్ ఎర్రర్ ఇస్తుంది. కొత్తగా రాసేవాళ్లు ముందుగా తడబడేది ఇక్కడే.

ఆ ప్లస్ గుర్తు కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపించాలంటే రంగు వేద్దాం. స్పేస్‌కూ పర్సెంట్ ఎమ్‌కూ మధ్య పర్సెంట్, హ్యాష్, ఎర్రర్ ఎమ్ఎస్‌జీ (మధ్యలో స్పేస్ లేకుండా; విమ్ తన ఎర్రర్లకు వాడే రంగు పేరు ఇది), మళ్లీ హ్యాష్ రాయండి. ఎమ్ తర్వాత పర్సెంట్ స్టార్ పెడితే రంగు మామూలైపోతుంది. సేవ్ చేయగానే గుర్తుతో పాటు రంగూ పోతుంది.

పర్సెంట్ స్మాల్ ఆర్ పెడితే, చదవడానికి మాత్రమే వీలున్న ఫైల్ అయితే ఆ సంగతి చెప్తుంది. ఆ తర్వాత పర్సెంట్ ఈక్వల్ టు. దీని తర్వాత రాసేవన్నీ కుడి చివరకు వెళ్లిపోతాయి.

కుడివైపు ముందుగా పర్సెంట్ స్మాల్ వై, అంటే ఫైల్ టైప్. తర్వాత స్పేస్ ఇచ్చి పర్సెంట్ స్మాల్ ఎల్, స్లాష్, పర్సెంట్ క్యాపిటల్ ఎల్. ఎన్నో లైన్‌లో ఉన్నామో, మొత్తం ఎన్ని లైన్లో తెలుస్తుంది.

కాలమ్ దగ్గర కాస్త ఆగుదాం, తెలుగులో రాసేవాళ్లకు ఇది ముఖ్యం. చాలామంది పర్సెంట్ స్మాల్ సీ పెడతారు. అది లెక్కపెట్టేది బైట్లను, అక్షరాలను కాదు. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 అనే పద్ధతిలో తెలుగు అక్షరానికీ గుణింతపు గుర్తుకీ విడివిడిగా మూడేసి బైట్లు. ‘తెలుగు’ అనే మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు, మొత్తం 18 బైట్లు. ఖాళీ లైన్‌లో ఆ మాట టైప్ చేసి ఆగితే కాలమ్ 19 అని చూపిస్తుంది. అందుకే దాని బదులు పర్సెంట్ స్మాల్ వీ పెట్టండి, తెరమీద కర్సర్ ఎన్నో గడిలో ఉందో అది చెప్తుంది.

ఇక ఫైల్ ఎన్‌కోడింగ్. పర్సెంట్, మీసాల బ్రాకెట్‌లో యాంపర్‌శాండ్ ఎఫ్ఈఎన్‌సీ (ఫైల్ ఎన్‌కోడింగ్‌కు విమ్‌లో పొట్టి పేరు). ఈ బ్రాకెట్‌లో ఏ ఎక్స్‌ప్రెషన్ అయినా రాసుకోవచ్చు. ఆ వెసులుబాటు చూసి గిట్ (కోడ్‌లో మార్పుల చరిత్రను దాచే ప్రోగ్రామ్) బ్రాంచ్ పేరు కోసం సిస్టమ్ కమాండ్ అక్కడే పిలవాలనిపిస్తుంది. దయచేసి వద్దు. కర్సర్ కదిలినప్పుడల్లా ఈ లైన్‌ను విమ్ మళ్లీ లెక్కగడుతుంది, ప్రతిసారీ బయటి ప్రోగ్రామ్ నడిస్తే ఎడిటర్ నత్తనడక నడుస్తుంది. ఫైల్‌లోకి వచ్చినప్పుడు దానంతటదే నడిచే ఆటో కమాండ్‌తో ఒక్కసారి పేరు తెచ్చి ఒక వేరియబుల్‌లో దాచండి. స్టేటస్ లైన్ ఆ వేరియబుల్‌ను చదివితే చాలు.

ఎక్స్‌ప్రెషన్‌లో తప్పుంటే విమ్ స్టేటస్‌లైన్ విలువను ఖాళీ చేసేస్తుంది. మీరు రాసినదంతా ఒక్కసారిగా మాయమైతే కంగారు పడకండి, ఫైల్‌లో అన్నీ భద్రంగానే ఉంటాయి. కోలన్ మెసేజెస్ అని కొట్టి చివరి ఎర్రర్ చదవండి. ఎర్రర్ ఏమీ లేకుండానే వేరే రూపం కనిపిస్తుంటే, కోలన్ వెర్బోస్ సెట్ స్టేటస్‌లైన్ క్వశ్చన్ మార్క్ అని కొట్టండి. చివరిసారి దాన్ని మార్చింది ఏ ఫైలో చెప్తుంది. చాలాసార్లు మనం మరిచిపోయిన పాత ప్లగిన్ ఒకటి బయటపడుతుంది.

ఇప్పుడు సేవ్ చేసి, కోలన్ సోర్స్ పర్సెంట్ కొట్టండి. అడుగున కొత్త లైన్ వచ్చిందా? ఈ ఫైల్‌లోనే ఎక్కడైనా ఒక స్పేస్ టైప్ చేయండి, రంగులో ప్లస్ గుర్తు కనిపించాలి. ఎస్కేప్, తర్వాత యూ నొక్కి ఆ స్పేస్ తీసేయండి, గుర్తు పోవాలి. పోయిందంటే మీ స్టేటస్ లైన్ సిద్ధం.