యుద్ధానికి పోయిన తెరచాప పడవలు

అందరికీ నమస్కారం. ఈరోజు చెప్పబోయేది 1942లో అమెరికా తూర్పు తీరంలో జరిగిన సంగతి. జనవరిలో జర్మనీ సబ్‌మెరైన్లు అక్కడిదాకా వచ్చేశాయి, తీరం పొడుగునా ఊళ్ళల్లో లైట్లు ఆర్పలేదు, ఆ వెలుగుకి అడ్డంగా పోయే ట్యాంకర్లు నల్లగా కొట్టొచ్చినట్టు కనపడేవి, ఇంక మునగకేం చేస్తాయి. కాపలా కాయడానికి నేవీ దగ్గర సరిపడా ఓడల్లేవు.

షికారు తెరచాప పడవలున్న వాళ్ళ క్లబ్బులుంటాయి, యాట్ క్లబ్బులంటారు, వాళ్ళు మా పడవలు తీసుకోండి అన్నారు. నేవీ మొదట వద్దంది, తర్వాత ఒప్పుకోక తప్పలేదు. రేసులకీ షికార్లకీ కట్టించుకున్న పడవలకి మెషిన్ గన్ను, నాలుగు డెప్త్ చార్జీలు (సబ్‌మెరైన్ల మీద వేసే, నీళ్ళ లోపల పేలే బాంబులు), వైర్‌లెస్ సెట్టు పెట్టి కోస్ట్ గార్డ్ కింద పంపేశారు. కాలేజీ కుర్రాళ్ళు, జాలరులు, పడవల షోకున్న డబ్బున్నోళ్ళు ఎక్కారు. జనం 'హూలిగన్ నేవీ', అంటే రౌడీల నేవీ అని పేరు పెట్టారు.

అసలు తెలివంతా ఇక్కడుందండీ. సబ్‌మెరైన్ నీళ్ళ కింద ఇంజన్ల చప్పుడు వింటూ ఉంటుంది, తెరచాపకి చప్పుడేముంటుంది? బ్యాటరీలు చార్జ్ చేసుకోడానికి అది పైకి రాక తప్పదు, వచ్చినప్పుడు పక్కనే ఎవరో చూసి వైర్‌లెస్‌లో చెప్పేస్తే మళ్ళీ మునగాల్సిందే, మునిగితే స్పీడు పోతుంది. ఒక్కదాన్నైనా ముంచారా అని అడుగుతారు, లేదు, కానీ వాళ్ళని పంపింది చూడ్డానికి, చెప్పడానికి.

వాటిల్లో జైదా అని 58 అడుగుల పడవ, తొమ్మిది మంది. డిసెంబర్ మొదట్లో నాంటకెట్ దీవి అవతల తుఫానులో వెనక తెరచాప కొయ్య విరిగిపోయింది. డిస్ట్రాయర్ అనే రకం బ్రిటిష్ యుద్ధనౌక ఒకటి వెతికి పట్టుకుని తాడేసి లాగింది, ఆ అలలకి తాడు తెగిపోయింది, చీకట్లో పడవ మళ్ళీ కనపడకుండా పోయింది. ఓడలు, విమానాలు రోజుల తరబడి గాలించాయి. 21 రోజులు కొట్టుకుపోయి చివరికి ఎక్కడో దక్షిణాన నార్త్ కరోలినాలో ఓక్రకోక్ దగ్గర ఒక బ్లింప్ (పెద్ద బెలూన్ లాంటి గాలి ఓడ) కంట పడింది, తొమ్మిది మందీ బతికే ఉన్నారు!

వాళ్ళ ధైర్యానికి దండం పెడతాను గానీ, ఎండాకాలంలో బాగా పనికొచ్చాయి కదా అని డిసెంబర్ అట్లాంటిక్ మీదకి కూడా ఆ పడవల్నే పంపడం మాత్రం పైవాళ్ళు చేసిన తప్పే. 1943లో కొత్త ఓడలు చేతికొచ్చాక వీటిని మెల్లగా పక్కన పెట్టేశారు.