బలం వేరు, గాఢత వేరు

(తెరపై: రంగులేని ద్రావణాలతో రెండు బీకర్లు)

ఎడమ బీకరులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం, కుడి బీకరులో ఎసిటిక్ ఆమ్లం ఉన్నాయి. రెండింటి గాఢతా 0.1 మోలారే, అంటే లీటరు ద్రావణంలో కలిపిన ఆమ్ల అణువుల సంఖ్య రెండింటిలోనూ సమానం. అయినా పీహెచ్ మీటరు ఎడమ బీకరులో 1 దగ్గర, కుడి బీకరులో 2.9 దగ్గర ఆగుతుంది. పీహెచ్ సంవర్గమాన కొలమానం, అంటే ఒక అంకె తగ్గితే హైడ్రోజన్ అయాన్లు పది రెట్లు పెరిగినట్టు, కనుక చూడడానికి చిన్నదైన ఈ తేడాకు అర్థం ఎడమవైపు హైడ్రోజన్ అయాన్లు సుమారు 75 రెట్లు ఎక్కువ ఉన్నాయని.

(యానిమేషన్: నీటి అణువుల మధ్య ఆమ్ల అణువు)

హైడ్రోజన్ క్లోరైడ్ అణువు నీటిలో కలవగానే తన ప్రోటాన్‌ను, అంటే హైడ్రోజన్ అయాన్‌ను, పక్కనున్న నీటి అణువుకు ఇచ్చేస్తుంది; మిగిలిన క్లోరైడ్ అయాన్‌కు దాన్ని తిరిగి లాక్కునే శక్తి దాదాపు లేదు. ఎసిటిక్ ఆమ్లంలోని ఎసిటేట్ అయాన్ మాత్రం ప్రోటాన్‌ను తేలికగా వదలదు. విడిపోవడం, మళ్లీ కలవడం ఒకే వేగంతో సాగే సమతాస్థితిలో, ఏ క్షణాన చూసినా వెయ్యి అణువులలో సుమారు 13 మాత్రమే అయాన్లుగా ఉంటాయి. ద్రావణాన్ని వంద రెట్లు పలుచన చేస్తే ఆ సంఖ్య దాదాపు 125కు పెరుగుతుంది. దాదాపు పూర్తిగా అయాన్లుగా విడిపోయేది బలమైన ఆమ్లం, ఇలా కొంతే విడిపోయేది బలహీన ఆమ్లం. పలుచన చేసినకొద్దీ బలహీన ఆమ్లం ఎక్కువగా విడిపోవడం నాకు ఈ పాఠంలో అన్నిటికన్నా ఆసక్తికరమైన విషయం.

(తెరపై: బ్యూరెట్ నుంచి పడుతున్న చుక్కలు)

ఇప్పుడు రెండింటి నుంచీ 25 మిల్లీలీటర్ల చొప్పున తీసుకుని, క్షారంలో గులాబీ రంగుకు మారే సూచిక ఫినాఫ్తలీన్ వేసి, 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌ను చుక్కచుక్కగా కలుపుదాం. చెదిరిపోకుండా లేత గులాబీ రంగు నిలిచేసరికి రెండింటికీ 25 మిల్లీలీటర్లే ఖర్చవుతాయి. బలహీన ఆమ్లానికి తక్కువ క్షారం చాలుతుందని చాలామంది అనుకుంటారు కానీ, ఉన్న ప్రోటాన్లను క్షారం తీసుకుంటున్నకొద్దీ విడిపోని అణువులు కొత్తవాటిని అందిస్తూనే ఉంటాయి.

క్షారాలదీ ఇదే తీరు. 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ పీహెచ్ 13. అంతే గాఢత గల అమ్మోనియాది 11.1, ఎందుకంటే అమ్మోనియా అణువులలో కొన్ని మాత్రమే నీటి నుంచి ప్రోటాన్ తీసుకుంటాయి. కాల్షియం హైడ్రాక్సైడ్ నీటిలో కొద్దిగానే కరిగినా, కరిగినంతా అయాన్లుగా విడిపోతుంది కనుక అది బలమైన క్షారమే.

(తెరపై: ఒక ప్లాస్టిక్ సీసా)

బలహీనమంటే ప్రమాదం లేనిదని కూడా కాదు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం బలహీన ఆమ్లాల జాబితాలోదే. కానీ అది చర్మంలోంచి లోపలికి చొచ్చుకుపోయి ఎముకల దాకా హాని చేయగలదు, గాజును సైతం తినేస్తుంది. అందుకే దాన్ని గాజు సీసాలో పోయరు.