బంతి పట్టుకో, ఎక్కం చెప్పు

అందరికీ నమస్కారమండీ. ఇవాళ బంతాట గురించి మాట్లాడుకుందాం, అంటే క్రికెట్ కోచింగ్ కాదులెండి, మంచం కింద పడున్న రబ్బరు బంతితో పిల్లల చేత ఎక్కాలూ, పద్యాల ఛందస్సూ ఎలా ప్రాక్టీస్ చేయించొచ్చో చెప్తా.

మన పిల్లలు ఏడో ఎక్కం గడగడా అప్పజెప్పేస్తారు కదా, మధ్యలో ఆపి "ఏడెనిమిదులెంతరా?" అనండి, మళ్ళీ ఏడొకట్ల ఏడు దగ్గర్నుంచి మొదలెట్టి వేళ్ళు మడుచుకుంటూ వస్తారు. ఎక్కం పాటలాగ వచ్చేసిందన్నమాట, విడిగా అడిగితే దొరకదు.

ఐదారుగురిని గుండ్రంగా నిలబెట్టండి. బంతి ఉన్నవాళ్ళు ముందు లెక్క అడగాలి, కాస్త ఆగాలి, అప్పుడే విసరాలి. ఆ ఆగడంలోనే ఉందండీ అంతా, బంతి ఎవరికొస్తుందో తెలీదు కాబట్టి అందరూ లోపల లెక్క కట్టుకుంటారు, అదే ముందే పేరు పెట్టి పిలిచామనుకోండి మిగతావాళ్ళు హాయిగా దిక్కులు చూస్తారు. ఇంకో మాట, తప్పు చెప్పినవాణ్ణి ఔట్ చెయ్యొద్దు. ఔటై అరుగెక్కి కూర్చునేది ఎప్పుడూ రానివాడే, ప్రాక్టీస్ కావాల్సిందీ వాడికేగా! రెండు రౌండ్లయ్యాక అదే లెక్క మళ్ళీ వాడికే వెయ్యండి, చెప్పేస్తాడు.

పిల్లలు రోజుకి 60 నిమిషాలైనా ఒళ్ళు కదిలించాలని డబ్ల్యూహెచ్‌వో చెప్తోంది. నిలబడి విసురుకుంటే అంత కదలిక రాదు, బంతి వదిలేసినవాళ్ళు గ్రౌండ్ ఓ చుట్టు పరిగెత్తాలని పెట్టండి.

ఇక హైస్కూల్ వాళ్ళకి నాకు బాగా నచ్చిన ఆటొకటుంది. పద్యంలో పొట్టిగా పలికే అక్షరం లఘువు, దానికి ఒక మాత్ర, అంటే చిటికె వేసేంత సేపు, ఎక్కువసేపు పలికేది గురువు, దానికి రెండు మాత్రలు కదా, గురువుకి బంతి గట్టిగా నేలకి కొట్టాలి, లఘువుకి కింద కిందనే తట్టాలి. ఈ గురులఘువుల గుంపునే గణం అంటారు, భగణం అంటే ధన్, టక్, టక్. నగణం మూడూ టక్కులే. ఉత్పలమాల పద్యంలో ఒక్కో పాదానికి భ ర న భ భ ర వ, ఏడు గణాలు, ఏడుగురిని వరసగా నిలబెట్టి తలా ఓ గణం ఇవ్వండి, ఒకరు కొట్టడం అవ్వగానే బంతి పక్కవాళ్ళకి. ఆఖరి వగణం వాడికి రెండే దెబ్బలు, టక్, ధన్, వాడి అదృష్టం. ఇందులో తమాషా ఏంటంటే మొదటి ముగ్గురివీ కలిపి తొమ్మిది అక్షరాలు, అంటే నాలుగోవాడి మొదటి దెబ్బే పదో అక్షరం, యతి స్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో జత కుదరాల్సిన చోటు! అక్కడ వాణ్ణి గట్టిగా "యతి" అని అరవమనండి. చంపకమాలకీ ఏడుగురే, న జ భ జ జ జ ర, కాకపోతే యతి పదకొండో అక్షరం కాబట్టి నాలుగోవాడు రెండో దెబ్బకి అరవాలి, మొదట్లో కచ్చితంగా కంగారు పడతారు, పడనివ్వండి.

అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళు కింద ఫ్లాట్‌వాళ్ళతో గొడవెందుకు, ఎక్కాలకి పాత సాక్సులు ఉండచుట్టి వాడుకోండి, ఛందస్సుకి మాత్రం సెల్లార్‌లోకి దిగాల్సిందే.